బల్లకి కుట్టిన ఒడి

పోయిన నెల గుడివాడలో మా పాత కాలేజీ వాళ్లు నన్నొక కార్యక్రమానికి పిలిచారు. అక్కడ ముప్ఫై ఏళ్లకి పైగా కామర్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పడానికి పనికొస్తానని వాళ్ల ఉద్దేశం. విషయం ఏమిటంటే, సంస్థల్లో మార్పు తేవడం, దానికి నాయకత్వం వహించడం. హైదరాబాదు నుంచి ఒక ట్రైనర్ కుర్రాడు వచ్చాడు. మంచి హుషారైన పిల్లాడు, నిలబడిన చోట నిలబడడు. పొద్దున్నే స్టాఫునంతా లేపి, "ఇప్పుడు కూర్చున్న చోట కాకుండా వేరే చోట కూర్చోండి, మార్పుకి అదే మొదటి మెట్టు" అన్నాడు. అందరూ సంచులూ నీళ్ల సీసాలూ పట్టుకుని హాల్లో ఈ వైపు నుంచి ఆ వైపుకి మారారు. ఒంటిగంటకి భోజనాలు. గుత్తివంకాయ, గోంగూర, గడ్డపెరుగు. తిని వచ్చేసరికి చూస్తే ప్రతివాళ్లూ, నాతో సహా, పొద్దున్న లేచిన కుర్చీల్లోనే కూర్చుని కునికిపాట్లు పడుతున్నాం. ఆ కుర్రాడు ఒక్క క్షణం తెల్లబోయి, "మేడమ్, మనుషులు మార్పుని ఎందుకు ఎదిరిస్తారు?" అని నన్నే అడిగాడు. శాలువా కప్పించుకున్న పాపానికి ఏదో ఒకటి చెప్పాలి. కానీ నాకు ఆ క్షణంలో బందరులో మా అత్తయ్య ఇంటి అటకా, దాని మీద నా చేతులతో నేను దాచిన పద్దెనిమిది పీటలూ గుర్తొచ్చి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోడానికి గ్లాసెడు మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క. బందరులో రోల్డ్‌గోల్డ్ నగల పని కొన్ని పేటల్లో ఇంటింటా ఉంటుంది. గొలుసులు అల్లే ఇల్లొకటి, పూత వేసే ఇల్లొకటి, మెరుగు పెట్టే ఇల్లొకటి. అత్తయ్య వాళ్లది రాళ్లు పొదిగే ఇల్లు. అందులోనూ డాన్సు నగలు: వడ్డాణాలు, జడబిళ్లలు, పాపిడిబిళ్లలు, తలకి చెరో పక్కా పెట్టుకునే సూర్యుడూ చంద్రుడూ. కూచిపూడి నుంచి మద్రాసు దాకా కాలికి గజ్జె కట్టిన ప్రతి పిల్లకీ ఒంటి మీద ఎర్రరాళ్లు మెరవాల్సిందే కదా. మావయ్య ఊళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చేవారు. ఆయన నలుగురితో కబుర్లు చెప్పగలరు గానీ నలుగురి చేత పని చేయించలేరు. ఆ పని అత్తయ్యది. ఇంటి వెనక పెంకుల వసారాలో పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఎవరి పీట మీద వాళ్లు కూర్చుని, ముందొక చెక్క పెట్టుకుని, పుల్ల చివర మైనంతో ఆవగింజంత రాయిని ఎత్తి, నగలోని గూట్లో పెట్టి, అంచు నొక్కి బిగించేవారు. వసారాలోకి అడుగు పెడితే మైనం వాసన, తలనూనె వాసన, ఎవరో ఒకరి క్యారేజీలోంచి ఎండుచేపల పులుసు వాసన కలిసి వచ్చేవి. అత్తయ్యకి ముక్కు మీద కోపం. వంటింట్లోంచే వసారాలో ఉన్నవాళ్లని కేకలేసేది. పది నిమిషాలకి మజ్జిగ చెంబు పట్టుకుని తనే వచ్చి, "తిట్టానని తాగడం మానకండి, దాని దారి దానిదే" అనేది.

ఆ వసారాకి పెద్ద దిక్కు ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. అక్కడ హిందువులకీ ముస్లిములకీ అందరికీ ఆవిడ ఖాలాయే. అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. మా అత్తయ్య కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజుల్లో రాయి ఎలా ఎత్తాలో, అంచు ఎంత నొక్కితే రాయి పగలకుండా నిలుస్తుందో నేర్పింది ఆవిడే. అందుకే అత్తయ్యకి యాభై ఏళ్లొచ్చినా ఆవిడ "కోడలమ్మా" అనే పిలిచేది. నువ్వు అనేది. అత్తయ్య మాత్రం ఆవిడని మీరు అనేది. జీతమిచ్చేది ఎవరో, పుచ్చుకునేది ఎవరో వినేవాళ్లకి అర్థమయ్యేది కాదు. అరవై దాటినా ఖాలాకి చూపు మందగించలేదు, చెయ్యి వణకలేదు. జడబిళ్ల మధ్యలో వచ్చే పెద్దరాయి ఆవిడ తప్ప ఇంకెవరూ పెట్టకూడదని అక్కడ ఒక అలవాటు.

ఏటా ఒకసారి అత్తయ్య వసారా మొత్తాన్నీ వ్యాన్లో ఎక్కించుకుని మోపిదేవి తీసుకెళ్లేది. ఖాలా కూడా వచ్చేది. మేమంతా గుళ్లోకి వెళ్తే ఆవిడ బయట చెట్టు నీడన పులిహోర డేగిసాలకి కాపలా కూర్చునేది. నేను అత్తయ్య ఇంట్లో ఉంటూ గుడివాడ కాలేజీకి రోజూ వెళ్లొచ్చే రోజులవి, ఆ ఏడు నేనూ వెళ్లాను. భోజనాలయ్యాక అందరూ లేచి వ్యాను దగ్గరికి వెళ్లిపోయినా ఖాలా చాప మీదే కూర్చుని గిన్నెలు సర్దుతోంది. సర్దిన గిన్నెలనే మళ్లీ సర్దుతోంది. అత్తయ్య దూరం నుంచి చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ చూడట్లేదనుకున్నాక ఖాలా రెండు చేతులూ నేలకి ఆనించి, పళ్లు బిగబట్టి, చెట్టు మొదలు పట్టుకుని లేచింది. ఇంటికొచ్చాక నాతో అంది. "ఆరు నెలల బట్టి అందరికంటే ముందొస్తోంది, అందరికంటే వెనకెళ్తోంది. పదకొండింటి టీకి లేవట్లేదు. మంచినీళ్లు కూడా తాగట్లేదే. ఎందుకా అనుకుంటున్నా. మోకాళ్లు పోయాయి. ఎవరూ చూడకూడదని."

అయితే ఆవిడకొక కుర్చీ వేయిస్తే సరిపోతుంది కదా అన్నాను. అత్తయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పోయిన చలికాలం ఆవిడకొక ఎత్తుపీట చేయించి పెడితే, "ఇది ఏ ముసల్దానికి?" అని తీసి కుండల కింద పెట్టేసిందట. ఒక్కదానికే కుర్చీ వేస్తే రెండో రోజు నుంచి రాదు. వేయకపోతే ఏడాది తిరిగేసరికి రాలేకపోతుంది. ఆ ఇంట్లో పని మానేయడమంటే ఖాలాకి జీతం పోవడం ఒక్కటే కాదు. మధ్యరాయి పెట్టే మనిషిగా ఆవిడకున్న చోటు పోవడం. అత్తయ్యకైతే పని నేర్పిన గురువు గడప దిగిపోవడం. రెండు రోజులు ఆలోచించి అత్తయ్య తేల్చిన మాట: "ఒక్కదానికి కాదు. పద్దెనిమిది మందికీ బల్లలూ కుర్చీలూ వేయిస్తా. అందరూ ఎత్తున కూర్చుంటే ఎవరి కోసమో ఎవరికి తెలుస్తుంది?" ఈ రహస్యం ఆవిడకీ నాకూ తప్ప మావయ్యకి కూడా తెలియదు.

ఇక్కడే నా తెలివి అడ్డుపడింది. నేనప్పుడు కాలేజీలో కొత్తగా చేరి మేనేజ్‌మెంట్ సూత్రాలు చెప్తున్నాను. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉన్నట్టు నమ్మే వయసు. "అత్తయ్యా, కొంచెం కొంచెంగా అయితే ఎవరూ మారరు. ఒక్కసారే చేసెయ్యాలి. సోమవారం పొద్దున్న వాళ్లొచ్చేసరికి పీటలన్నవి కంటికి కనపడకూడదు" అన్నాను. ఎందుకు మారుస్తున్నామో ఒక గట్టి కారణం కూడా చెప్పాలన్నాను. ఆ కారణం అత్తయ్య తనే కల్పించింది. మద్రాసు నుంచి ఒక పెద్ద సేటు చూడ్డానికి వస్తున్నాడనీ, కింద కూర్చుని చేసిన సరుకు ఆయన తీసుకోడనీ. ఆదివారం కొట్టు నుంచి కుర్చీలొచ్చాయి, వడ్రంగి బల్లలు బిగించాడు. నేను చీర ఎగ్గట్టి, నిచ్చెన ఎక్కి, పద్దెనిమిది పీటలూ అటక మీదకి చేర్చాను. ఒక్కో పీటకీ ఒక్కో గుర్తు. ఒకదాని మీద సున్నం బొట్టు, ఒకదానికి పిల్లాడు చెక్కిన చేప బొమ్మ, ఒకటి ఎవరో పుట్టింటి నుంచి తెచ్చుకున్న పనసచెక్క. అవి చూస్తూ కూడా నాకు ఏమీ తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ వారం నేను కాలేజీకి సెలవు కూడా పెట్టాను. సోమవారం వసారాలో అడుగుపెట్టిన మొదటి మనిషి ఖాలాయే. బల్లల్ని చూసింది, కుర్చీల్ని చూసింది, నేల వైపు చూసింది. "నా పీటేది?" అని మాత్రం అడిగింది. అత్తయ్య సేటు కథ చెప్పింది. ఖాలా విని, "సరే కోడలమ్మా" అని కుర్చీలో కూర్చుంది. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి పీటల కోసం గొడవ గొడవ చేశారు. పక్క ఊరు గూడూరు నుంచి బస్సులో వచ్చే ఒకావిడైతే, "మా అమ్మ పీట అండీ అది, ఏం చేశారండీ?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎలాగో సర్ది చెప్పి కూర్చోబెట్టాం. కాసేపటికి చూద్దును గదా, పద్దెనిమిది మందీ కాళ్లు పైకి లాక్కుని కుర్చీల్లో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు! కుర్చీ చాలదు, మోకాళ్లు బయటికి పొడుచుకొచ్చాయి, ఒకావిడ పక్కకి ఒరిగి ధబేలున పడింది. అంతకంటే పెద్ద కష్టం రాళ్లు. టప్పుమని ఒకటి, టప్పుమని ఒకటి. గచ్చు మీద పడి దొర్లి మూలమూలకీ పోతున్నాయి. సాయంత్రానికి నేనూ అత్తయ్యా నేల ఊడ్చి, చెత్త జల్లించి, దోసెడు రాళ్లు ఏరాం. దసరా ముందర ఇవ్వాల్సిన నగలు సగం కూడా తెమల్లేదు. మంగళవారం అత్తయ్య కేకలేసింది. బుధవారం ఇంకా గట్టిగా కేకలేసింది. ఆ రోజే ఖాలా రాలేదు.

గురువారం రాలేదు, శుక్రవారమూ రాలేదు. జడబిళ్లలన్నీ మధ్యలో గుంట పెట్టుకుని బల్ల మీద వరసగా ఉన్నాయి. ఆ రాయి ఎవరూ ముట్టుకోలేదు. అత్తయ్య శుక్రవారమంతా ఖాలా కుర్చీలో కూర్చుని తనే పని చేసింది. చేతిలోంచి రాయి జారినప్పుడల్లా కిందికి వంగి చూసేది, లేచి వెతికేది, మళ్లీ కూర్చునేది. సాయంత్రం నా గదిలోకొచ్చి, "ఎవరి కోసం చేశానో ఆవిడే పోయింది. నీ పుస్తకంలో దీనికేం రాశారే?" అంది. ఆ గొంతులో కోపం లేదు. నాకు ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున్న ఇద్దరం రిక్షా కట్టించుకుని ఖాలా ఇంటికి వెళ్లాం. ఆవిడ మంచం అంచున కూర్చుని బియ్యం ఏరుతోంది. కింద కాదు, మంచం మీద. మమ్మల్ని చూసి లేవబోతే అత్తయ్య వారించి పక్కన కూర్చుంది. కూతురు టీ తెచ్చి ఇచ్చింది. ఆ పిల్లా మా వసారాలోనే రాళ్లు పెట్టేది, అప్పటికి పాతికేళ్లుంటాయి. అత్తయ్య సేటు మాట ఎత్తలేదు. దసరా మాట ఎత్తలేదు.

"ఖాలా, నాకు చేతకాలేదు. మీకొక్క మాట చెప్పకుండా చేశాను. రాళ్లన్నీ కింద పడిపోతున్నాయి. నిన్నంతా మీ కుర్చీలో కూర్చుని చూశాను, ఎందుకు పడుతున్నాయో నాకు తెలియట్లేదు. మీరే చెప్పాలి."

ఖాలా చేటలో బియ్యం పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "కింద కూర్చుంటే రాయి పడదా కోడలమ్మా? అప్పుడూ పడుద్ది. కానీ రెండు మోకాళ్ల మీదా చీర పరుచుకుని ఉంటాం గదా, ఒళ్లో పడుద్ది. ఏరుకుంటాం. ఇప్పుడు బల్ల పైనుంది, ఒడి కిందెక్కడో ఉంది. మధ్యలో సందు. ఆ సందులోంచి పోతోంది రాయి" అంది. ముప్ఫై ఏళ్లు ఆ పని చేయించిన అత్తయ్యకీ, అంతా చదివేశాననుకున్న నాకూ ఇంత మాట తట్టలేదు. "మరేం చేద్దాం?" అంది అత్తయ్య. "ఏముంది, బల్లకే ఒక ఒడి కుట్టాలి" అంది ఖాలా. మంచం కింద ట్రంకు పెట్టెలోంచి ఒక పాత నేతచీర తీయించి, బారెడు ముక్క చింపి, ఒక అంచు మా అత్తయ్య చేతికిచ్చి పట్టుకోమంది, రెండో అంచు తన నడుముకి కట్టుకుంది. కూతురు బియ్యంలోంచి ఏరిన రాళ్లు తెచ్చి ఆ గుడ్డలో వేసింది. అవి మధ్యకి జారి అక్కడే ఆగాయి. అత్తయ్య ఆ గుడ్డ వదలకుండానే, "ఇంకొకటి ఖాలా. ఆ కాళ్లెందుకు పైకి లాక్కుంటున్నారు అందరూ?" అని అడిగింది. "నీకు పొడుగు కాళ్లు, ఆనతాయి. మాకు నేల అందదు. యేలాడేసుకుని ఎంతసేపు కూర్చుంటాం? ఎవరి పీట వాళ్లకిచ్చెయ్, కాళ్ల కింద పెట్టుకుంటాం" అంది ఖాలా.

సోమవారం అటక ఎక్కి పీటలు దించింది కూడా నేనే. దించి ఒక్కొక్కటీ తుడిచి, దాచినందుకు ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పి మరీ ఇచ్చాను. కాళ్ల కింద పెట్టుకోమంటే కొందరు ముందు పీటకి దణ్ణం పెట్టుకుని కళ్లకద్దుకున్నారు. గూడూరు ఆవిడ తన అమ్మ పీట మీద కాళ్లు పెట్టనంటే పెట్టనంది. దాన్ని గోడవారన నిలబెట్టి ఆవిడకి ఇంకొకటి ఇచ్చాం. ప్రతి బల్లకీ పాత చీర ముక్క మేకులతో బిగించారు, రెండో అంచుకి నాడాలు కుట్టారు. రాగానే ఎవరి ఒడి వాళ్లు నడుముకి కట్టుకోవడమే. ఎవరి బల్లకి ఏ రంగు చీర అన్న దాని మీద ఒక పూట తగాదా కూడా నడిచింది, అంటే వాళ్లకది సొంతమైపోయిందన్నమాట. ఖాలా వాళ్లందరి మధ్యా కుర్చీలో కూర్చుని జడబిళ్లల గుంటలు ఒక్కొక్కటే పూడ్చుకుంటూ వెళ్లింది. పదకొండింటికి టీ పిలుపు వచ్చింది. బల్ల అంచు పట్టుకుని ఆవిడ అందరితో పాటే లేచింది. వంటింటి కిటికీలోంచి అది చూసిన అత్తయ్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగింది. ఆ తర్వాత ఇంకో పదకొండేళ్లు ఖాలా ఆ కుర్చీలోనే పని చేసింది. సేటు మాత్రం ఈనాటికీ రాలేదు. ఆయన వస్తాడని వసారా ముందు చాలా రోజులు ముగ్గులు కూడా వేశారు, పాపం.

గుడివాడ హాల్లో ఆ ట్రైనర్ కుర్రాడికి ఇంత కథ చెప్పే వ్యవధి లేదు. "భోజనం తర్వాత పాత కుర్చీల్లోకి ఎందుకెళ్లారో వాళ్లనే అడుగు బాబూ" అన్నాను. అడిగాడు. వెనక నుంచి లెక్కల మాష్టారు లేచి, "ఆ వైపు ఫ్యాన్లు తిరగవండీ" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆ పిల్లాడు కూడా నవ్వాడు, నవ్వి చేతిలో పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. బాగుపడతాడు అనుకున్నాను.

అతనికి చెప్పనిది ఇంకొకటుంది. అది పోయిన ఏడాది సంగతి. అత్తయ్యకిప్పుడు ఎనభై దాటాయి. మావయ్య పోయాక వసారా పెత్తనమంతా ఖాలా కూతురి చేతిలో పెట్టింది. బంధువుల్లో కొందరు మూతులు ముడుచుకున్నారు గానీ అత్తయ్య లెక్కచేయలేదు. మెరుగు పెట్టే మోటార్లు, ఫోన్లో ఆర్డర్లు, అన్నీ ఆ అమ్మాయి తెచ్చిన మార్పులే. అమ్మాయేమిటి, ఆవిడకీ యాభై అయిదు దాటాయి. ఇంతమందిని కుర్చీల్లో కూర్చోబెట్టిన మా అత్తయ్య మాత్రం ఇంట్లో ఏనాడూ బల్ల మీద తిని ఎరగదు. వంటింట్లో పీట వేసుకుని కిందే భోజనం. మధ్యాహ్నాలు ఖాలా కూతురూ ఆవిడ పక్కనే కూర్చుని తింటుంది. ఈ మధ్య తిని లేవడానికి గోడ పట్టుకుంటోంది. ఎవరైనా చెయ్యి అందిస్తే విదిలించి కొడుతోంది. నేను రెండుసార్లు బల్ల కొందామంటే, "నాకేం ముసలితనం వచ్చిందనా?" అని గదిమింది.

నేను వెళ్లిన రోజు మధ్యాహ్నం ఒక ఆటోలో కొత్త డైనింగు టేబులూ కుర్చీలూ దిగాయి. వెనకే ఖాలా కూతురు, వీధి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి లోపలికొచ్చింది. వచ్చి, ఒక్కసారిగా నడుం మీద చెయ్యి వేసుకుని, "అమ్మగారూ, నా మోకాళ్లు పట్టేస్తున్నాయండీ. కింద కూర్చుని తినలేకపోతున్నాను. మీరేమీ అనుకోకపోతే ఇక్కడే ఈ బల్ల వేయించుకుంటాను. అందరం దీని మీదే తినేద్దామండీ" అంది.

అత్తయ్య బల్లని చూసింది. నన్ను చూసింది. ఆవిడ మోకాళ్ల వైపు చూసింది.

"ఎవరు నేర్పారే నీకీ విద్య?"

"మా అమ్మ అండీ."

అత్తయ్య బల్ల అంచు పట్టుకుంది. "ఖాలాకి తెలుసా?"

"మొదటి రోజే తెలుసంటండీ. సేటూ లేడు, గీటూ లేడు, నా మోకాళ్ల కోసమే కోడలమ్మ ఇంత చేసిందని చెప్పింది."

"తెలిసీ మూడు రోజులు రాకుండా ఏడిపించిందా నన్ను!"

"మీరొచ్చి అడుగుతారని చూసిందంటండీ. చేసిపెట్టడం వచ్చు గానీ అడగడం రాదు మా కోడలమ్మకి, అది కూడా నేర్పాలి కదా అందంట."

అత్తయ్య కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "ఆ కుర్చీ ఇటు లాగు. నా పీట తెచ్చి కాళ్ల కింద వెయ్యి" అంది. ముగ్గురం కూర్చున్నాం. ఖాలా పోయి చాలా ఏళ్లయింది. పీట కాళ్ల కింద పెట్టుకోవాలని ఆవిడ చెప్పిన మాట ఆ మంచం అంచు నుంచి మా అత్తయ్య కంచం దాకా రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది, అయినా వేళకే వచ్చింది.